ఎత్తు చాలదన్నారు.. ప్రపంచ బెల్టు తెచ్చారు: గామా పహిల్వాన్ జీవితం

ఇంట్లో బాగా తిని బలంగా ఉన్న పిల్లాణ్ణి గామా పహిల్వాన్ అని ముద్దుగా పిలవడం మన పెద్దవాళ్లకు అలవాటు. ఆ పేరు వెనక ఉన్న మనిషి గురించి మాత్రం ఈ తరం పిల్లలకు తెలిసింది తక్కువ. అర్ధశతాబ్దం పాటు గోదాలో దిగి ఓటమి ఎరుగని మనిషిగా ఆయన్ను చెప్పుకుంటారు. ఆయన బలం ఎంతటిదో ఆయన సబ్ర్ కూడా అంతటిదే.

అసలు పేరు గులాం ముహమ్మద్ బఖ్ష్. పుట్టింది పంజాబ్‌లోని అమృత్‌సర్ జిల్లాలో, 1878లో అని ఎక్కువమంది రాస్తారు. తండ్రి ముహమ్మద్ అజీజ్ బఖ్ష్ కూడా పేరున్న పహిల్వానే. కానీ గామాకు ఊహ తెలిసే వయసుకే తండ్రి చనిపోయారు. తర్వాత తాతగారు, ఆయన పోయాక మేనమామ ఈదా పహిల్వాన్ పెంచి కుస్తీ నేర్పారు. మన హైదరాబాద్ పాతబస్తీలో తాలీం అంటామే, ఉత్తరాదిలో దాన్నే అఖాడా అంటారు. గామా బాల్యమంతా ఆ అఖాడా మట్టిలోనే గడిచింది.

1888లో జోధ్‌పూర్ మహారాజు పహిల్వాన్లకు ఒక పోటీ పెట్టారు. ఎవరు ఎక్కువ బస్కీలు తీస్తారో వాళ్లే విజేత. 400 మందికి పైగా వచ్చారంటారు. పెద్ద పెద్ద పహిల్వాన్లు ఒక్కొక్కరే అలిసిపోయి కూర్చుంటుంటే, పదేళ్ల గామా చివరి 15 మందిలో నిలబడ్డాడు. ఆ వయసులో అంత ఓపిక చూసి మహారాజు ఆ పిల్లాడినే విజేతగా ప్రకటించారు. ఆ తర్వాత దతియా సంస్థానం ఆయన్ను చేరదీసింది. రోజూ వేలల్లో దండీలు, బస్కీలు. ఒక్కరితో కాదు, వరసగా నలభై మందితో కుస్తీ పట్టేవారట.

17 ఏళ్లకే గామా గుజ్రన్‌వాలాకు చెందిన రహీం బఖ్ష్ సుల్తానీవాలాను సవాలు చేశారు. రహీం ఎత్తు దాదాపు 7 అడుగులు. గామా 5 అడుగుల 7 అంగుళాలు. ఇద్దరినీ పక్కపక్కన చూసినవాళ్లు కుర్రాడి పని అయిపోయిందనుకున్నారు. కానీ గంటల తరబడి పట్టుకున్నా ఎవరూ ఓడలేదు, కుస్తీ సమానమైంది. ఆ రోజు నుంచి దేశమంతా ఆయన పేరు తెలిసింది.

1910లో తమ్ముడు ఇమాం బఖ్ష్‌తో కలిసి ఓడెక్కి లండన్ వెళ్లారు. అక్కడ ప్రపంచం నలుమూలల నుంచీ మల్లయోధులు చేరారు. తీరా అంతదూరం వెళ్తే, ఎత్తు తక్కువని పోటీలోకి రానివ్వలేదు. వేరేవాళ్లయితే తిట్టుకుంటూ తిరిగొచ్చేవాళ్లేమో. గామా బహిరంగంగా సవాలు విసిరారు. ఎంత బరువున్నవాళ్లయినా సరే, ముగ్గురిని అరగంటలో పడేస్తానన్నారు. ఎవరూ నమ్మలేదు, అదో ప్రచారపు ఎత్తు అనుకున్నారు. అప్పుడు పేరున్న యోధులనే పిలిచారు. ఓడితే బహుమతి సొమ్ము తానే కట్టి ఇంటికి పోతానన్నారు. పరాయి దేశంలో, అండ లేని మనిషికి అది చిన్న పందెం కాదు.

ముందుకొచ్చినవాడు అమెరికా యోధుడు, డాక్టర్ కూడా అయిన బెంజమిన్ రోలర్. గామా ఆయన్ను మొదటిసారి 1 నిమిషం 40 సెకన్లలో, రెండోసారి పది నిమిషాల లోపే పడేశారు. ఇక దారి తెరుచుకుంది.

సెప్టెంబర్ 10న ఫైనల్. ఎదుట పోలండ్‌కు చెందిన స్టానిస్లాస్ జిబిస్కో. గెలిచినవాళ్లకు 250 పౌండ్లు, జాన్ బుల్ బెల్టు. ఆట మొదలైన నిమిషంలోనే గామా ఆయన్ను కిందికి తెచ్చారు. అక్కడితో అసలు చిక్కు మొదలైంది. వీపు నేలకు తగిలితేనే ఓటమి కాబట్టి, జిబిస్కో చాపకు బోర్లా అతుక్కుపోయారు. గామా ఎన్ని పట్లు వేసినా ఆ బరువైన మనిషి తిరగలేదు. రెండున్నర గంటలకు పైగా అదే తంతు. చివరికి సమానమని తేల్చి, 17వ తేదీకి మళ్లీ కుస్తీ పెట్టారు. ఆ రోజు గామా వచ్చారు, జిబిస్కో రాలేదు. బెల్టు గామాకు ఇచ్చేశారు.

బ్రిటిష్ పాలనలో ఉన్న దేశం నుంచి వెళ్లిన పహిల్వాన్ లండన్‌లోనే ప్రపంచ బెల్టు గెలవడం జనానికి పెద్ద పండగే. కానీ ఎదుటివాడు రాకుండా వచ్చిన గెలుపు పహిల్వాన్‌కు సగం గెలుపే.

దేశానికి తిరిగొచ్చాక అలహాబాద్‌లో మళ్లీ రహీం బఖ్ష్ ఎదురయ్యారు. ఈసారి గామా గెలిచి రుస్తుమ్-ఎ-హింద్ అయ్యారు. పాత లెక్కల్లో ఒకటి తీరింది. రెండోది తీరడానికి 18 ఏళ్లు పట్టింది. ఈ మధ్యలో జిబిస్కో ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యారు. 1928 జనవరిలో పటియాలా మహారాజు భూపీందర్ సింగ్ ఆ ఇద్దరికీ కుస్తీ ఏర్పాటు చేశారు. వేలాది జనం వచ్చారు. లండన్‌లో రెండున్నర గంటల్లో తేలనిది అక్కడ నిమిషం లోపే తేలిపోయింది. జిబిస్కో వీపు నేలకు తగిలింది. అప్పటికి గామాకు దాదాపు యాభై ఏళ్లు.

1947లో ఆయన లాహోర్‌లో ఉన్నారు. విభజన అల్లర్లలో తన వీధిలోని హిందూ కుటుంబాల మీదికి గుంపు వస్తే, గామా తన పహిల్వాన్లతో అడ్డంగా నిలబడ్డారనీ, తర్వాత వాళ్లను సరిహద్దు దాకా క్షేమంగా పంపించారనీ ఆయన గురించి రాసినవాళ్లు చెబుతారు. ఆ రోజు ఆయనకు బెల్టు ఎవరూ ఇవ్వలేదు.

రాజాస్థానాలు పోయాక పహిల్వాన్లను పోషించేవాళ్లు లేకుండా పోయారు. చివరి రోజుల్లో గామాను జబ్బులు, డబ్బు ఇబ్బందులు చుట్టుముట్టాయి. సంగతి తెలిసి ఇటువైపు నుంచి పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సాయం పంపారు. 1960 మే 23న లాహోర్‌లో గామా కన్నుమూశారు. సరిహద్దుకు రెండు వైపులా పాత అఖాడాల్లో ఇప్పటికీ ఆయన్ను ఉస్తాద్‌గానే తలుచుకుంటారు.