పుస్తకాల పెట్టె కోసం మంటల్లోకి పోయినవాడు

పొద్దంతా నడుం వంచి నాట్లు వేసి వచ్చినవాడికి రాత్రిపూట పుస్తకం పట్టే ఓపిక ఎక్కడుంటుందని మా సంఘం సమావేశాల్లో ఎవరో ఒకరు అడుగుతూనే వుంటారు. అడగటం తప్పు కాదు. వొళ్లు నొప్పులే అలా అడిగిస్తాయి. మేం ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా మక్సీం గోర్కీ సంగతి చెబుతాం. గొప్ప రచయితగా ఆయన పేరు అందరూ విన్నదే. ఒకరి యింట్లో జీతగాడుగా, స్టీమరులో అంట్లు తోమే కుర్రాడుగా, రొట్టెల బట్టీలో కూలీగా వున్న రోజుల సంగతి మాత్రం మనలో చాలామందికి తెలియదు.

అసలు పేరు అలెక్సేయ్ పేష్కోవ్. 1868 మార్చి 28న రష్యాలో వోల్గా నది వొడ్డునున్న నీజ్నీ నోవ్‌గొరద్ పట్నంలో పుట్టాడు. తండ్రి వడ్రంగం తెలిసిన పనివాడు. పిల్లవాడికి కలరా తగిలితే తండ్రి పక్కనే కూచుని సేవ చేశాడు. పిల్లవాడు బతికాడు, ఆ జబ్బు అంటుకుని తండ్రి పోయాడు. అప్పటికి కొడుక్కి మూడేళ్లు. తల్లి పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని పుట్టింటికి చేరింది.

తాత కషీరిన్ ఒకప్పుడు పడవ కూలీ. సరుకు పడవకు తాడు కట్టి, ఆ తాడు భుజాన వేసుకుని గట్టు వెంట ఏటికి ఎదురు లాగిన మనిషి. తర్వాత కూడబెట్టి బట్టలకు రంగులద్దే కార్ఖానాకు యజమాని అయ్యాడు. కూలిచేసి పైకొచ్చినవాడికి కూలీ బాధ తెలుస్తుందని మనవాళ్లు అనుకుంటారు. ఆ యింట్లో జరిగింది వేరు. గ్రిగోరీ అనే పనివాడు యేళ్ల తరబడి ఆ రంగుల తొట్ల దగ్గరే పనిచేసి చివరికి కళ్లు పోగొట్టుకున్నాడు. కళ్లు పోయాక అతన్ని బయటికి పంపేశారు. అతను వీధుల్లో అడుక్కుంటుంటే ఈ పిల్లవాడు సిగ్గుపడి తప్పుకు తిరిగేవాడు. పనికి పెట్టుకున్న మరో అనాథ కుర్రాడి వీపున యజమాని కొడుకులు బరువైన సిలువను మోయించారు. అతను తూలితే తాము తప్పుకున్నారు. ఆ కుర్రాడు దానికిందే నలిగిపోయాడు. ఇవన్నీ చూస్తూ పెరిగాడు గోర్కీ. ఆ ముసలి పనివాణ్ణి వీధిపాలు చేసినందుకు దేవుడు మనకు శిక్ష వేస్తాడని అమ్మమ్మ అనేది. పదేళ్లు తిరిగేసరికి తాత కూడా అదే వూళ్లో అడుక్కోవలసి వచ్చింది. ఇందులో దేవుడి పని ఎంతో మాకు తెలియదుగాని, చిన్న యజమానిని పెద్ద వ్యాపారం మింగటం మన వూళ్లలోనూ చూస్తున్నదే.

ఆ యింట్లో వెలుతురంటే అమ్మమ్మ అకులీనా. చదువురాని మనిషి. కథలు, పాటలు, పాత వీరగాథలు ఆమె నోట ఏరులా పారేవి. గోర్కీ మాటలో వుండే చేవ ముందు ఆమె దగ్గర వచ్చిందే. అక్షరం తాత దగ్గర వచ్చింది. కొట్టినప్పుడు స్పృహ తప్పేదాకా కొట్టిన ఆ తాతే మనవణ్ణి పక్కన కూచోబెట్టుకుని ప్రార్థనల పుస్తకం చేత పట్టించాడు. మనుషులు ఒకే రంగులో వుండరు.

బడి కొంతకాలమే. చెత్తకుప్పల్లో గుడ్డపీలికలు, ఎముకలు ఏరి అమ్ముకునేవాడు గనుక వాసన వస్తున్నాడని తోటి పిల్లలు గేలి చేసేవారు. అయినా బాగా చదివాడని బడివాళ్లు బహుమతిగా పుస్తకాలిచ్చారు. యింటికొస్తే అమ్మమ్మ జబ్బుపడి వుంది, చేతిలో డబ్బు లేదు. ఆ పుస్తకాలు పట్టుకుపోయి అంగట్లో 55 కొపెక్కులకు అమ్మి ఆ డబ్బు అమ్మమ్మ చేతిలో పెట్టాడు. జీవితాంతం పుస్తకాల వెంటబడిన మనిషి మొదటి బహుమతి పుస్తకాలు అలా పోయాయి.

1879లో తల్లి క్షయతో చనిపోయింది. నిన్ను మెడలో పతకంలా వేలాడేసుకుని తిరగలేను, పోయి బతకమని తాత బయటికి పంపాడు. వయసు పదకొండు. మొదట చెప్పుల దుకాణం, తర్వాత బంధువుల యిల్లు. ఆ బంధువు యిళ్ల పటాలు గీసే పనిలో వున్నవాడు. ఆ పని నేర్పుతామని చెప్పి తీసుకెళ్లి కట్టెలు కొట్టించారు, నేల తుడిపించారు, కూరగాయలు కడిగించారు. చదివిస్తామని తీసుకుపోయి గొడ్లచావిడి అప్పజెప్పే పెద్దమనుషుల్ని మనం ఎరగమా? ఆ యింటినుంచి పారిపోయి వోల్గా స్టీమరులో అంట్లు తోమే పనికి కుదిరాడు.

ఆ స్టీమరులో వంటవాడు స్మూరీ. పూర్వం సైన్యంలో పనిచేసిన భారీ మనిషి, అందరికీ హడలు. అతని దగ్గర ఒక పెట్టెనిండా పుస్తకాలున్నాయి. మంచివీ, చెత్తవీ కలిసి వున్నాయి. కుర్రాణ్ణి పిలిచి చదివి వినిపించమనేవాడు. అర్థం కాకపోతే అయ్యేదాకా మళ్లీ మళ్లీ చదవమనేవాడు. కుర్రాడి వంతు అంట్లు వేరేవాళ్లమీద పడి వాళ్లు సణుక్కునేవాళ్లు కూడాను. గొగోల్ రాసిన తారాస్ బుల్బా వింటూ ఆ మొరటు మనిషి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. తన మొదటి గురువుల్లో ఒకడని గోర్కీ తర్వాత ఆ వంటవాణ్ణే చెప్పుకున్నాడు. పేరున్న పండితుణ్ణి గురువుగా చెప్పుకోవటం తేలిక, అంట్లగదిలోవాణ్ణి చెప్పుకోవటానికి నిజాయితీ కావాలి.

తర్వాత మళ్లీ ఆ బంధువుల యింటికే పనికి రావలసి వచ్చింది. పగలు చదివే సందు లేదు. రాత్రి చదివితే కొవ్వొత్తి అరిగిపోతుందని ఆ యింటి ముసలమ్మ పుల్లతో కొలిచి పెట్టుకునేది. అందుకని కొవ్వొత్తి సెమ్మెల్లో మిగిలిన మైనం గోకి, ఖాళీ చేపల డబ్బాలో పోసి, దీపంనూనె కలిపి, దారంతో వొత్తి చేసుకున్నాడు. వెన్నెల రాత్రి రాగిగిన్నెకు వెన్నెల పట్టి, ఆ మెరుపు పేజీమీద పడేట్టు చూశాడు. అక్షరాలు కనబడలేదు. దేవుడి పటం దగ్గర వెలిగే దీపం కింద బల్లెక్కి నిలబడి చదివాడు. ఒకరోజు చదువులో మునిగిపోతే సమోవారు నీళ్లింకి అతుకులు వూడిపోయింది. టీ నీళ్లు కాచే లోహపు పాత్ర అది. ముసలమ్మ చీల్చిన పైనుకట్టెల మోపుతో బాదింది. వీపంతా పేళ్లు దిగబడి వాచిపోయింది. ఆస్పత్రిలో డాక్టరు 42 పేళ్లు లాగాడు. ఫిర్యాదు రాస్తే శిక్ష పడుతుందని కూడా చెప్పాడు. కుర్రాడు ఫిర్యాదు చెయ్యలేదు. బతికామనుకుని యజమానులు ఏం కావాలో అడగమన్నారు. పక్కవాటాలో దర్జీ భార్య దగ్గర పుస్తకాలు తెచ్చుకుని చదువుకోనివ్వమన్నాడు.

ఈ సంగతి చెప్పినప్పుడు మాలో కొందరికి కోపం వస్తుంది. కేసు పెట్టి వుండాల్సిందంటారు. మేమూ అదే అంటాం. ఈనాడు ఏ పాలేరు పిల్లవాడి వొంటిమీద అలాంటి దెబ్బలు కనబడినా కేసు పెట్టించాల్సిందే. కానీ ఆ పిల్లవాడి వెనక సంఘం లేదు, దిక్కు లేదు. వున్న ఒక్క అవకాశాన్నీ అతను దేనికి వాడుకున్నాడో చూడండి.

దర్జీ భార్య తర్వాత ఆ దగ్గరే వుండే మరో సంపన్నురాలు పుష్కిన్ కవిత్వం యిచ్చింది. బాల్జాక్ రాసిన యూజెనీ గ్రాండే చదివితే అందులోని పిసినారి ముసలాడు అచ్చం తన తాతలానే తోచాడు. ఎక్కడో ఫ్రాన్సులో రాసిన పుస్తకంలోకి తన తాత ఎలా వచ్చాడా అని ఆశ్చర్యం. ఫ్లోబేర్ రాసిన ఒక పనిమనిషి కథ చదివి, ఆ మామూలు మాటల్లో యింత బలం ఎక్కడ దాగుందోనని పేజీని వెలుతురుకు ఎత్తి చూశాడు. మొదటిసారి మంచి పుస్తకం చదివిన కూలీ బిడ్డకే ఆ ఆశ్చర్యం తెలుస్తుంది. దేవుడి పటాలు రాసే కార్ఖానాలో పనికి చేరాక తోటి పనివాళ్లకు తనే చదివి వినిపించేవాడు. లెర్మొంతొవ్ కావ్యం చదివితే వాళ్లు కుంచెలు పక్కనపెట్టి చుట్టూ మూగారు.

1884లో విశ్వవిద్యాలయంలో చదవాలని కజాన్ పట్నం వెళ్లాడు. డబ్బులేనివాడికి ఆ తలుపు తెరుచుకోలేదు. రేవులో బరువులు మోశాడు. నేలమాళిగలో వున్న రొట్టెల బట్టీలో రోజుకు 14 గంటలు పిండి పిసికాడు. అక్కడుండగానే అమ్మమ్మ చనిపోయిందని, చనిపోయి ఏడు వారాలయిందని కబురు వచ్చింది. ఆ దుఃఖం చెప్పుకోవటానికి పక్కన మనిషి లేడు, గుర్రమో కుక్కో కూడా లేదు. బట్టీలో ఎలుకలతో స్నేహంగానే వుండేవాణ్ణి, కనీసం వాటితో చెప్పుకోవాలని కూడా తోచలేదని తర్వాత రాసుకున్నాడు. కొడుకు పోయిన బండివాడు తన గుర్రానికి గోడు చెప్పుకునే చేహోవ్ కథ ఎన్నో యేళ్ల తర్వాత చదివినప్పుడు ఆ రోజులే గుర్తొచ్చాయట. 1887 డిసెంబరులో తుపాకితో కాల్చుకున్నాడు. గుండు వూపిరితిత్తిలోంచి పోయింది. బతికాడుగాని ఆ వూపిరితిత్తి జీవితాంతం బాధపెట్టింది.

ఇక మన వ్యవసాయ కార్మికులు తెలుసుకోవలసిన ఘట్టం. ప్రవాసశిక్ష అనుభవించి వచ్చిన రోమాస్ అనే విప్లవకారుడు 1888లో అతన్ని క్రస్నోవిదోవో అనే పల్లెకు తీసుకుపోయాడు. అక్కడ రోమాస్ అంగడి పెట్టాడు. సరుకు చౌకగా అమ్మటం, మాటల్లో మాటగా రైతులకు లోకం సంగతి చెప్పటం ఆయన పని. చిన్న తోటల రైతుల్ని కూడగట్టి దళారులు లేకుండా ఆపిల్ పండ్లు అమ్ముకునే సంఘం కూడా పెట్టించాడు. వూరి ఆసాములు వూరుకుంటారా? కట్టెలో తూటామందు కూరి పొయ్యి పేల్చారు. రోమాస్ పక్షాన నిలబడ్డ జాలరి ఇజోత్‌ను తల పగలగొట్టి చంపారు. చివరికి అంగడి తగలబెట్టారు. గోర్కీ అటకమీదికి పరుగెత్తింది డబ్బుకోసం కాదు, రోమాస్ పుస్తకాల పెట్టెకోసం. మంట మెట్లదాకా వచ్చాక గొర్రెతోలు కోటు చుట్టుకుని కిటికీలోంచి దూకాడు.

ఏ రైతుల మేలు కోరి వచ్చారో వాళ్లలోనే ఒక గుంపు ఆసాముల మాట నమ్మి వీళ్లమీదికి లేచింది. గోర్కీ గుండె విరిగింది. తొందరపడి జనాన్ని తీర్పు తీర్చవద్దని రోమాస్ నచ్చజెప్పాడు. మా అనుభవంలో కూడా కూలిరేట్ల పోరాటంలో మనవాళ్లే కొందరు యజమాని వైపు నిలబడ్డ వూళ్లున్నాయి. రోమాస్ మాట అప్పుడే అవసరం. కాని గోర్కీకి ఆ మాట పూర్తిగా యెక్కలేదు. 1891లో కందీబోవ్కా అనే వూళ్లో తప్పుచేసిందని ఒక స్త్రీని దిగంబరంగా బండికి కట్టి కొడుతుంటే అడ్డంపడ్డాడు. వూరివాళ్లు అతన్ని చావగొట్టి పొదల్లో పారేశారు. ఆ గాయం లోపల మానలేదు. 1922లో బెర్లిన్‌లో అచ్చువేసిన చిన్న పుస్తకంలో రష్యా రైతాంగాన్ని క్రూరమైనదిగా, మూఢమైనదిగా రాశాడు. ఇక్కడ మేం ఆయనతో ఏకీభవించం. ఆ బండిని నడిపించిందెవరు, ఆ చీకటివల్ల లాభం ఎవరికి అని ఆయన అడిగి వుండాల్సింది. అయితే అంతకు ముందు యేడే, 1921లో, వోల్గా ప్రాంతంలో కరువుతో లక్షలాది రైతులు చచ్చిపోతుంటే రొట్టె, మందులు పంపమని ప్రపంచానికి విజ్ఞప్తి రాసిందీ ఆయనే.

అంతకు ముందు సంగతి కూడా వుంది. 1892 కరువు యేడు సుఖూమ్ దగ్గర రోడ్డు పనికొచ్చిన వలస కూలీల్లో ఒక స్త్రీ దారిపక్క పొదల్లో నొప్పులు పడుతుంటే మంత్రసాని పని తనే చేశాడు. ఇరవై యేళ్లకు దాన్ని కథగా రాశాడు. బిడ్డను కని కొద్దిసేపటికే ఆ తల్లి లేచి నడుస్తుంది. మన వలస కూలి తల్లులకు ఈ కథ కొత్తగా వుండదు.

కాలినడకన దేశం తిరిగి తిఫ్లిస్ చేరి రైల్వే వర్క్‌షాపులో పనిచేస్తూ 1892 సెప్టెంబరులో మొదటి కథ మకర్ చూద్రా అచ్చువేశాడు. గోర్కీ అంటే చేదు. ఆ పేరు అప్పుడు పెట్టుకున్నదే. కొరొలేంకో ఆయన్ను చేయిపట్టి నడిపించాడు. 1902లో అకాడమీ సభ్యుడిగా ఎన్నుకుంటే జారు ప్రభుత్వం రద్దుచేయించింది, చేహోవ్, కొరొలేంకో నిరసనగా తమ సభ్యత్వాలు వొదులుకున్నారు. అదే యేడు సోర్మొవోలో మే డే వూరేగింపు జరిపి శిక్షపడ్డ కార్మికుడు జలోమోవ్, అతని తల్లి కథ ఆధారంగా 1906లో అమ్మ నవల రాశాడు. అందులో రీబిన్ అనే పాత్ర పల్లెలకు కరపత్రాలు మోసుకుపోయి దెబ్బలు తింటాడు. అమ్మ గురించి మాట్లాడేవాళ్లు రీబిన్ను మరిచిపోతారు, మనం మరవకూడదు.

పేరొచ్చాక కూడా తనలాంటివాళ్లను వొదల్లేదు. చదువు చెప్పేవాడు లేక తామే నేర్చుకుని రాసిన కార్మికులూ రైతులూ పంపిన వ్రాతప్రతులు నాలుగేళ్లలో 400కు పైగా చదివి, వాళ్లగురించి 1911లో వ్యాసం రాశాడు. బడి మధ్యలో వొదిలి కూడబలుక్కుని చదవటం నేర్చుకున్న మాలాంటివాళ్లకు ఈ ఒక్క సంగతి చాలు ఆయనమీద గౌరవం కలగటానికి.

చివరి రోజుల్లో, ఖైదీల చేత తవ్వించిన బెలమోర్ కాలువను పొగుడుతూ 1934లో వచ్చిన పుస్తకానికి సంపాదకుడయ్యాడు. వీపున 42 పేళ్లు మోసినవాడు ఆ తవ్వినవాళ్ల వీపుల సంగతి అడగవలసింది. అడగలేదు. ఆయన మనవాడని ఆ మాట దాచటం మాకు చేతకాదు. 1936 జూన్ 18న చనిపోయాడు.

స్వాతంత్య్రోద్యమంలో పనిచేసిన క్రొవ్విడి లింగరాజు అమ్మను తెలుగులోకి తెచ్చారు. తర్వాత గోర్కీ పుస్తకాలు చాలా తెలుగులో వచ్చాయి. మా రాత్రిబడిలో ఆయన చిన్ననాటి కథ చదివించాం. స్మూరీ పద్ధతే, ఒకరు చదవటం, మిగిలినవాళ్లు వినటం. సమోవారు ఘట్టం దగ్గర ఆడవాళ్లు ఆపమని మళ్లీ మొదటినుంచి చదివించుకున్నారు. దెబ్బల సంగతి కన్నా, ఆ తర్వాత పుస్తకాలు నిజంగా తెచ్చుకోనిచ్చారా లేదా అని ఒకటికి రెండుసార్లు అడిగారు. యింతలో కోతలు వచ్చి చదువు ఆగింది. యింకా యాభై పేజీలు మిగిలివున్నాయి, కుప్పలు పడ్డాక మళ్లీ మొదలు పెడతాం.