సుర్కీతో కావేరిని నిలిపిన విశ్వేశ్వరయ్య
బేస్తవారిపేట: మండలంలోని మోక్షగుండం గ్రామం పేరే ఇంటిపేరైన వంశంలో విశ్వేశ్వరయ్య 1861 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్లిలో జన్మించారు. పుణెలో ఇంజినీరింగ్‌ అభ్యసించారు. 1909లో మైసూరు చీఫ్‌ ఇంజినీరుగా నియమితులై కావేరిపై కృష్ణరాజసాగర్‌ నిర్మాణానికి పూనుకున్నారు. 1911లో పనులు ప్రారంభమయ్యాయి.

సిమెంటును విదేశాల నుంచి తెప్పించవలసిన రోజులవి. అందుకు బదులుగా సున్నంలో సుర్కీ, అంటే కాల్చిన ఇటుకల పొడి కలిపి రాతికట్టడానికి వినియోగించారు. వట్టి సున్నం నీటిలో గట్టిపడదు. సుర్కీలోని సిలికా తోడైతే నీటిలోనూ గట్టిపడి, కాలం గడిచేకొద్దీ బలం పుంజుకుంటుంది. పొడి మెత్తనయ్యేకొద్దీ ఈ చర్య త్వరితమవుతుంది. సిమెంటులో బొగ్గు బూడిద కలపడంలోనూ ఇదే సూత్రం ఇమిడి ఉంది.

1912 నుంచి 1918 వరకు దివానుగా సేవలందించిన ఆయన 1955లో భారతరత్న స్వీకరించారు. 1962 ఏప్రిల్‌ 14న కన్నుమూశారు. ఆ సుర్కీ కట్టడం నేటికీ సుమారు 49 టీఎంసీల నీటి భారాన్ని మోస్తోంది.