పాట మిగిలినది: పురుషోత్తమ చౌదరి జీవితము

తెలుగు క్రైస్తవ దేవాలయములలో ఆదివారపు ఆరాధనవేళ పురుషోత్తమ చౌదరి కీర్తనలు తరచుగా వినవచ్చును. పాట నెరిగినవారు వేలాదిమంది. వ్రాసినవాని నెరిగినవారు వారిలో కొందరే. ఇది కవికి జరిగిన అన్యాయమని తోచవచ్చును. ఆయన జీవితమును పరికించినచో వేరొక భావము కలుగును.

చౌదరి 1803లో పర్లాకిమిడి ప్రాంతమందలి మదనాపురములో జన్మించిరి. 1936లో ఒరిస్సాలో చేరిన పర్లాకిమిడి ఆనాడు చెన్నరాజధానిలోని గంజాం జిల్లాకు చెందినది. శ్రీకాకుళమును ఆ జిల్లాలోనిదే. తండ్రి కూర్మనాథ చౌదరి, తల్లి సుభద్రాదేవి. వారిది వంగదేశీయ బ్రాహ్మణ కుటుంబము. ఆంధ్ర, ఉత్కళ సంస్కృతులు కలిసిన ఆ సీమలో పెరిగిన వంగీయుడు తెలుగున కవియగుట విశేషము.

ఆయన పసివాడై యుండగనే, 1805లో, లండను మిషనరీ సంఘమునకు చెందిన క్రాన్, డెగ్రాంజి అను వారు విశాఖపట్టణమునకు వచ్చి, తెలుగు నేర్చి, సువార్తలను అనువదింప మొదలిడిరి. వానిలో కొన్ని 1812లో శ్రీరామపురమున అచ్చయ్యెను. క్రమముగా అచ్చు కరపత్రములు చేతులు మారుచు ఊరూర తిరుగసాగెను. చౌదరి మనస్సును కదిలించినవి అట్టి కరపత్రములే.

1833లో ఆయన కటకమున బాప్టిస్టు మిషనరీలచే బాప్తిస్మము పొందిరి. ఇందుకు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. మతము మారినవానికి పిత్రార్జితమున హక్కు పోకుండ కాపాడు శాసనము దేశమంతటికిని వచ్చినది 1850లో. అంతకు 17 ఏండ్ల ముందే ఆయన కులమును, దానితో వచ్చు గౌరవమును విడిచిరి. భార్య రాధామణి పిమ్మట ఆయనతో చేరి అదే మార్గమున నడచిరి.

తరువాతి జీవితమంతయు బోధకునిగ గడచినది. శ్రీకాకుళము, విశాఖపట్టణము, బరంపురము ఆయన సేవకు రంగములు. కీర్తనలతో పాటు యేసునాయక శతకము, నిస్తార రత్నాకరము, కులాచార పరీక్ష మొదలగు కృతులను రచించిరి. తానే అనుభవించిన యాధిక్యమును పరీక్షకు నిలుపుట కులాచార పరీక్షలోని సాహసము.

అయితే వినయమునకు అసలు పరీక్ష విడుచుటలో లేదు, విడిచిన పిమ్మట కలదు. బ్రాహ్మణ పండితుడు క్రైస్తవుడగుట ఆనాడు పెద్ద వింత. ఆ వింతనే పూంజీగ చేసికొని తన త్యాగమును చాటుకొనుట సులభము. ఒక ద్వారమున వెడలిన గర్వము మరొక ద్వారమున ప్రవేశించును. చౌదరి ప్రసిద్ధ కీర్తనలలో త్యాగి కానరాడు. శరణు వేడు పాపి కానవచ్చును. పల్లవి, చరణములతో, దేశీయ రాగతాళములతో తెలుగు భక్తులకు పరిచితమైన కీర్తన రూపమునే గ్రహించి, ఎల్లవారు తమదిగ పాడుకొనదగిన రీతిని రచించిరి. ఆ పాటలలోని నేను అను మాట పాడువానిదగుచున్నది.

నేడు చరవాణి తెరపై ఆ కీర్తనలే కొత్త వరుసలతో వచ్చుచున్నవి. ఎందరు చూచిరో, ఎందరు మెచ్చిరో అంకెలు వెంటనే తెలుపును. గాయకుని ముఖము పెద్దదిగను, కవి నామము చిన్నదిగను ఉండును. ఒక్కొక్కచో అదియు ఉండదు. భక్తుడు ఈ సాధనములను విడువవలెనా? చౌదరి జీవితము అట్లు చెప్పుట లేదు. ఆయన మాటున దాగినవారు కారు. బహిరంగముగ బోధించిరి, గ్రంథములు వెలువరించిరి. వినయమనగా మౌనము కాదు. వినువాని చూపును తనయొద్ద నిలుపుకొనక తాను కొలుచు ప్రభువు వైపు మరల్చుటయే వినయము.

1890లో, ఎనుబది యేండ్లు దాటిన వయస్సున, చౌదరి కన్నుమూసిరి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకములో ఆయన పాటలు పెక్కు కలవు. సంఘభేదములతో విడిపోయినవారును వానిని కలిసి పాడుదురు. పాడుచున్నప్పుడు కవి పేరు ఎవరికిని గుర్తురాకపోవచ్చును. పాట వ్రాసినవాడు కోరినదియు బహుశః అదియే.