హకీం అబ్దుల్ హమీద్

1906లో హకీం హాఫిజ్ అబ్దుల్ మజీద్ ఢిల్లీలో స్థాపించిన చిన్న ఔషధశాల హమ్‌దర్ద్. 1922లో ఆయన మరణించగా భార్య రాబియా బేగం దానిని నిలబెట్టారు. 1908లో జన్మించిన పెద్దకుమారుడు అబ్దుల్ హమీద్ చిన్నవయసులోనే ఆ భారం తలకెత్తుకొన్నారు.

దేశవిభజనానంతరం, 1948లో, తమ్ముడు హకీం మహమ్మద్ సయీద్ కరాచీకి తరలిపోయారు. అన్నగారు ఢిల్లీని వీడలేదు. అదే సంవత్సరం హమ్‌దర్ద్‌ను వక్ఫ్ గావించి, దాని లాభాలకు ధర్మకార్యాలను గమ్యంగా నిర్ణయించారు. రూహ్ అఫ్జా షర్బత్తు అమ్మగా వచ్చిన పైకం ఆ విధంగా పేదలకు చదువై, మందై అందింది. ఆయన నెలకొల్పిన విద్యాసంస్థలు 1989లో జామియా హమ్‌దర్ద్ విశ్వవిద్యాలయంగా రూపొందినవి. 1999లో ఆయన దివంగతులైనారు.

ఆర్జనకు గమ్యమేదో ముందే నిశ్చయించుకొనవలెనని ఆ జీవితం బోధిస్తున్నది. రేపు వర్తకులు కానున్న మన విద్యార్థులు దీనిని మరువరాదని మేము కోరుచున్నాము.