రైతుల గురువు ఆచార్య రంగా

గుంటూరు మండలమందలి నిడుబ్రోలు గ్రామమున 1900వ సంవత్సరము నవంబరు 7వ తేదీన గోగినేని రంగనాయకులుగారు జన్మించిరి. వారిది వ్యవసాయము జీవనాధారముగా గల కుటుంబము. దుక్కి, నాటు, కోత, నూర్పిడి మొదలగు పనులలోని కష్టసుఖములను వారు చిన్ననాటనే కన్నులార చూచిరి. స్వగ్రామమునను గుంటూరునందును చదివి, పిమ్మట ఇంగ్లండునకు పోయి, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున అర్థశాస్త్రము నభ్యసించి బి.లిట్. పట్టమును పొందిరి. స్వదేశమునకు మరలివచ్చి మద్రాసులోని పచ్చయప్ప కళాశాలలో అర్థశాస్త్రాచార్యులైరి. ఆచార్య రంగా అను పేరు వారికి ఆ విధముగా స్థిరపడినది.

ఆ దినములలోనే లోకమునకు గొప్ప విపత్తు సంభవించినది. 1929వ సంవత్సరము అక్టోబరు నెలలో అమెరికాదేశమందలి న్యూయార్కు నగరమున కంపెనీల వాటాల ధరలు ఒక్కసారిగా కూలిపోయినవి. పిమ్మట బ్యాంకులు మూతపడినవి, కర్మాగారములు ఆగినవి, లక్షలకొలది పనివారు వీథులపాలైరి. పని లేనివాడు సరకు కొనలేడు. కొనువారు తగ్గగా పత్తి, గోధుమ, వరి మొదలగు పంటల ధరలు దేశదేశములందును పడిపోయినవి. దీనినే ఆర్థికమాంద్య మందురు. న్యూయార్కు పేరైనను వినని కృష్ణా గోదావరి మండలముల రైతు కళ్లములోనికి సైతము ఆ మాంద్యము వచ్చి చేరినది. కొలది సంవత్సరములలోనే ధాన్యము ధర ఇంచుమించు సగమునకు దిగిపోయినది.

ధర తగ్గినను శిస్తు తగ్గలేదు, అప్పును తగ్గలేదు. ఆ రెండును రూపాయలలో నిర్ణయింపబడినవి. పూర్వము పది బస్తాల ధాన్య మమ్మి శిస్తు చెల్లించిన రైతు, ఇప్పుడు అదే శిస్తునకు ఇరువది బస్తాలు అమ్మవలసివచ్చెను. పంట బాగుగా పండినను రైతు బీదవా డగుటకు ఇదియే కారణము. ఇది చాలదన్నట్లు, కృష్ణా గోదావరి మండలములలో భూమిశిస్తును రూపాయికి మూడణాల వంతున, అనగా నూటికి 18¾ వంతున, పెంచుటకు ప్రభుత్వము పూనుకొనెను. వడ్డీ కట్టలేనివారి పొలములు ఋణదాతల వశమగుచుండెను. 1931లో ఇంగ్లండు తన నాణెమునకు బంగారముతో గల సంబంధమును తెంచివేయగా బంగారము ధర పెరిగినది. శిస్తుకును వడ్డీకిని వేఱు దారి లేక ఇల్లాండ్రు తమ మెడలలోని గొలుసులను, చేతుల గాజులను అమ్ముకొనిరి. ఆ బంగారము కరగి ఓడలపై విదేశములకు తరలిపోయినది.

ఉత్తరమున విశాఖపట్టణ మండలమువారి కష్టము వేఱొక విధమైనది. అచ్చటి బీదకుటుంబములవా రనేకులు ఓడలెక్కి బర్మాకు పోయి, రంగూను రేవులో బరువులు మోసి జీవించుచుండిరి. 1930 మే నెలలో ఆ రేవుపని కారణముగా తెలుగు కూలీలకును బర్మా కూలీలకును ఘర్షణ చెలరేగి, పలువురు ప్రాణములు గోల్పోయిరి. నెలనెల ఇంటికి పైకము పంపినవారే వట్టిచేతులతో తిరిగివచ్చిరి. 1933లో విశాఖపట్టణమున నూతన నౌకాశ్రయము ప్రారంభమైనను, అప్పటికి లోకవాణిజ్యమే సన్నగిల్లియుండెను.

ఇట్టి సమయమున రంగాగారు కళాశాలలో సుఖముగా కాలము గడపగలిగియుండిరి. వారట్లు చేయలేదు. 1930లో గాంధీమహాత్ముని పిలుపు నందుకొని ఉద్యోగమును విడిచి స్వాతంత్ర్యోద్యమమున చేరిరి. తరగతిగదిలో చెప్పిన అర్థశాస్త్రమును ఊరి రచ్చబండ కడకు కొనిపోయిరి. పంట పండియు తాము చెడుట తలవ్రాత యని తలచు రైతులకు ధర, శిస్తు, వడ్డీ అను మూడింటి సంబంధమును వివరించిరి. రైతుసంఘములను బలపఱచిరి. 1931లో వెంకటగిరి జమీందారీ రైతుల ఆందోళనకు తోడైరి. నిడుబ్రోలులో రైతాంగ విద్యాలయమును నెలకొల్పి, పల్లెటూరి యువకులకు రాజకీయములను, అర్థశాస్త్రమును బోధించు నేర్పాటు గావించిరి. ఈ కృషిలో చెఱసాలకును వెఱువలేదు.

మొదట ప్రభుత్వము తన ఖర్చులను తగ్గించుకొనుటయం దుంచిన శ్రద్ధను రైతు బాధలయం దుంచలేదు. ఆందోళన పెరిగిన కొలదిని శిస్తులో తాత్కాలికముగా కొంత తగ్గింపు లభించినది. 1935లో విదేశములనుండి వచ్చు నూకలపై దిగుమతి సుంకము విధింపబడినది. 1936లో ఋణదాతకును ఋణగ్రస్తునకును రాజీ కుదుర్చు మండలులకొఱకు మద్రాసు రాష్ట్రమున చట్టము చేయబడినది. కాని రాజీకి ఋణదాత అంగీకరింపకున్నచో రైతుకు కలుగు మేలు స్వల్పమే.

1937లో రాజగోపాలాచార్యులుగారు మద్రాసు రాష్ట్ర ప్రధానమంత్రులైరి. టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవెన్యూ మంత్రులైరి. ఆ సంవత్సరముననే నాటి విశాఖపట్టణ మండలమందలి ఇచ్ఛాపురమునుండి రైతుల పాదయాత్ర బయలుదేరినది. యాత్రికులు ఊరూర సభలు జరుపుచు, రైతుల మొఱలను సేకరించుచు, 1938లో మద్రాసు చేరిరి. ఆ 1938లోనే వ్యవసాయదారుల ఋణవిమోచన చట్టము అమలులోనికి వచ్చినది. దానిచే 1932 అక్టోబరునకు పూర్వపు అప్పులపై పేరుకొన్న వడ్డీ బాకీ రద్దయ్యెను; అసలుమాత్రమే చెల్లింపవలసియుండెను. అసలునకు రెట్టింపు సొమ్ము అదివఱకే చెల్లించినవాని అప్పు పూర్తిగా తీఱినట్లే యెంచబడెను. ఎందఱో రైతులకు పోగొట్టుకొనబోవు పొలము దక్కినది.

అయినను ఆ చట్టము అందఱి కన్నీటిని తుడువలేదు. సొంత భూమి గాని, కౌలు హక్కు గాని లేని కూలివానికి అది పెద్దగా తోడ్పడలేదు. జమీందారీ రైతుల చిక్కులను విచారించిన ప్రకాశం పంతులుగారి సంఘము భూమి రైతుదే యని నిర్ణయించినను, ఆ విషయమున శాసనము వెంటనే రాలేదు. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948లోగాని జమీందారీల రద్దు చట్టము కాలేదు.

రంగాగారు ఆ తరువాత అనేక సంవత్సరములు పార్లమెంటు సభ్యులుగా నుండి రైతుల పక్షమున వాదించిరి. 1959లో స్థాపింపబడిన స్వతంత్ర పార్టీకి అధ్యక్షులైరి. 1995వ సంవత్సరము జూన్ 9వ తేదీన పరమపదించిరి. రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టబడినది.

కఱవు వచ్చినప్పుడు వాన కొఱకు ఆకసమువైపు చూడవలసినదే. కాని మాంద్యము ఆకసమునుండి పడినది కాదు. అది మనుష్యుల లెక్కలలో పుట్టినది. ఆ లెక్క తెలిసినవాడు తెలియనివానికి నేర్పినప్పుడే దానిని సరిదిద్దు మార్గము దొరకును. తాను నేర్చిన విద్యను తన ఊరివారి ఋణము తీర్చుటకు వినియోగించిన ఆచార్య రంగాగారి జీవితము ఈ సత్యమును చాటుచున్నది.