శ్వాసను ఆలకించిన వైద్యుడు

డాక్టరుగారు మీ ఛాతీపై స్టెతస్కోపు ఆనించినప్పుడు, దానిని కనిపెట్టిన కతోలిక విశ్వాసిని ఎప్పుడైనా తలచుకొన్నారా? ఆయనే రెనే లెన్నెక్‌. 1781లో ఫ్రాన్సు దేశంలోని కెంపేర్‌ పట్టణంలో జన్మించారు. పసితనంలోనే తల్లిని కోల్పోయి, వైద్యుడైన పినతండ్రి వద్ద పెరిగారు.

1816లో పారిస్‌ నెక్కర్‌ ఆసుపత్రిలో గుండెజబ్బుతో ఉన్న ఒక యువతిని పరీక్షించవలసి వచ్చింది. ఆమె ఛాతీపై చెవి ఆనించడం మర్యాద కాదని, కాగితాలను గొట్టంలా చుట్టి ఆలకించారు. గుండెచప్పుడు ఎంతో స్పష్టంగా వినిపించింది! తరువాత కొయ్యగొట్టం తయారు చేశారు. రోగి బ్రతికుండగా విన్న శబ్దాలను, మరణానంతరం శవపరీక్షలో ఊపిరితిత్తులలో కనిపించిన మార్పులతో పోల్చి, 1819లో గ్రంథం వెలువరించారు. క్షయ ఊపిరితిత్తులను తొలిచివేసిన జాడను బ్రతికుండగానే గుర్తించే మార్గం అలా ఏర్పడింది.

కాని అప్పటికి క్షయకు మందు లేదు. చివరకు ఆయననూ అదే వ్యాధి సోకింది. వైద్యుడైన బంధువు మెరియాదెక్‌ ఆయన ఛాతీకి ఆ గొట్టాన్నే ఆనించి, క్షయ గుర్తులను విన్నారు. 1826 ఆగస్టు 13న, 45వ యేట, లెన్నెక్‌ ప్రభువునందు నిద్రించారు.

నేడు క్షయకు మందు ఉన్నది. ప్రభుత్వాసుపత్రులలో ఉచితంగా ఇస్తారు. మీ ఇంట, పొరుగింట రెండు వారాలు మించి దగ్గుతున్నవారుంటే, సిగ్గుపడనీయక పరీక్షకు తీసుకువెళ్ళండి. రోగిని సందర్శించడం కరుణకార్యమే కదా!