ఎడ్వారు మిషెలిన్

ఫ్రాన్సు దేశపు నడుమ, చల్లారిన అగ్నిపర్వతముల వరుసకు చేరువలో, క్లెర్మోం-ఫెరాన్ అను పట్టణము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున అచ్చట ఒక చిన్న కర్మాగారము ఉండెను. అందు వ్యవసాయపు పనిముట్లను, రబ్బరు గొట్టములను, పిల్లలాడుకొను రబ్బరు బంతులను తయారు చేయుచుండిరి. కొన్నాళ్లు బాగుగనే నడచినది గాని, 1886 ప్రాంతమునకు అది మూతపడు స్థితికి వచ్చెను. దానిని నిలబెట్టవలసిన భారము తుదకు ఒక చిత్రకారునిపై పడెను. ఆతడే ఎడ్వారు మిషెలిన్.

ఎడ్వారు 1859వ సంవత్సరము జూన్ 23వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. అన్నయగు ఆంద్రే అతనికంటె ఆరేండ్లు పెద్ద. ఆంద్రే ఇంజనీరు విద్య నేర్చి వృత్తిలో స్థిరపడెను. ఎడ్వారు న్యాయశాస్త్రము చదివెను గాని, అతని మనస్సు కుంచెలయందును, రంగులయందును ఉండెను. ఆ కాలమున పేరుగన్న చిత్రకారుడగు బుగెరో కడ శిష్యుడై అతడు చిత్రలేఖనము అభ్యసించుచుండెను. క్లెర్మోంలోని కర్మాగారమును స్థాపించినవారిలో ఒకడు ఆ సోదరుల మాతామహుడు. తాతగారి ఆస్తి నశింపకుండ కాపాడుటకు మొదట ఆంద్రే పూనుకొనెను. కాని పారిస్‌లో తన పనిని విడిచి పూర్తిగా అచ్చటనే ఉండుటకు అతనికి వీలు కాలేదు. అందువలన తమ్ముని పిలిపించెను. ఎడ్వారు చిత్రశాలను విడిచి, రబ్బరు వాసన నిండిన ఆ కర్మాగారమునకు వచ్చెను. కొంతకాలము పాటు వచ్చినట్లు అనుకొనియే యుండవచ్చును. కాని మరల కుంచెను జీవనాధారముగ పట్టుట తటస్థింపలేదు. 1889 మే నెలలో ఆ సంస్థకు మిషెలిన్ అను పేరు పెట్టిరి.

మొదట వారు గుఱ్ఱపుబండ్లకు రబ్బరు బ్రేకుదిమ్మెలను చేసి అమ్మిరి. అవి చక్రమునకు ఒరసికొన్నను కీచుమను చప్పుడు రాకుండుటచే జనులకు నచ్చెను. అప్పులవారికి కొంత ధైర్యము కలిగెను. అంతలో ఒకనాడు ఒక సైకిలు యాత్రికుడు, చక్రపు గాలి పోయిన సైకిలును కర్మాగారమునకు చేర్చెను.

గాలి నింపిన టైరు అప్పటికి క్రొత్త వస్తువు. ఐర్లండులోని బెల్‌ఫాస్టు నగరమున పశువైద్యుడుగ ఉండిన డన్‌లప్ 1888లో దానికి పేటెంటు పొందియుండెను. ఇనుప పట్టాగాని గట్టి రబ్బరు పట్టాగాని గల చక్రము రాతిపై పడినపుడు ఆ దెబ్బ నేరుగ బండికిని, మనిషికిని తగులును. గాలి టైరు ఆ దెబ్బను తానే మ్రింగును. ఇంత సుఖమునకు ఒక్కటే లోపము. టైరును చక్రమునకు జిగురుతో అంటించుచుండిరి. ముల్లు గ్రుచ్చుకొన్నచో ఆ జిగురును ఊడదీసి, లోపలి రంధ్రమును మూసి, మరల అంటించి, ఆరనీయవలెను. ఆ యాత్రికుని టైరును బాగుచేయుటకు మూడు గంటలు పట్టెను. ఆరుటకు రాత్రి యంతయు పట్టెను. మరునాడు ఎడ్వారు తానే ఆ సైకిలెక్కి ఆవరణలో తిరిగిచూచెను. కొన్ని వందల మీటర్లు పోకముందే టైరు మరల చప్పబడెను.

మరియొకడైనచో ఇది పనికిరాని వస్తువని త్రోసివేసియుండును. ఎడ్వారు అట్లు చేయలేదు. ఆ కొలది దూరములో అతని శరీరము గాలి టైరు సుఖమును ఎరిగెను. లోపమున్నది టైరులో కాదనియు, దానిని మార్చు పద్ధతిలోననియు అతడు గ్రహించెను. నిపుణుడు లేకుండ, రాత్రియంతయు వేచియుండకుండ, బండి నడుపువాడు దారిలోనే తన చేతులతో మార్చుకొనగల టైరు కావలెను. అతని తక్కిన జీవితమంతయు ఈ ఒక్క తలంపు చుట్టును తిరిగెను.

1891లో వారు జిగురు లేని టైరును సిద్ధము చేసిరి. మరలతో బిగించు ఆ టైరును పావుగంటలో ఊడదీసి మార్చవచ్చును. ఆ యేడు సెప్టెంబరులో పారిస్ నుండి బ్రెస్ట్ రేవునకు పోయి మరల పారిస్ చేరవలసిన సైకిలు పందెము జరిగెను. దూరము సుమారు 1,200 కిలోమీటర్లు. షార్ల్ తెరోం అను పందెగాడు మిషెలిన్ టైరులతో బయలుదేరి, దారిలో టైరులు పగిలినను మార్చుకొనుచు, నిద్రను లెక్కసేయక 71 గంటలకు పైగా త్రొక్కి మొదటివాడుగ వచ్చెను. రెండవవాడు ఎన్నో గంటల తరువాత గాని రాలేదు. మరుసటి సంవత్సరము మిషెలిన్ సోదరులే పారిస్ నుండి క్లెర్మోంకు ఒక పందెము పెట్టి, టైరు మార్చుట ఎంత సులువో చూపుటకై త్రోవలో మేకులు చల్లించిరి. వ్యాపారమునకు ఈ యుక్తి పనికివచ్చినది గాని, బాట మీద మేకులు చల్లుట మెచ్చదగిన పని కాదు.

సైకిలు తేలికైనది. టన్ను బరువుగల మోటారుబండిని గాలి మోయునా? మోయదని బండ్లు చేయువారందరును నమ్మిరి. 1895 జూన్‌లో పారిస్ నుండి బోర్డో నగరమునకు, అటనుండి మరల పారిస్‌కు మోటారుబండ్ల పందెము ఏర్పాటయ్యెను. గాలి టైరులతో బండి నడుపుటకు ఎవ్వరును ఒప్పుకొనలేదు. సోదరులు తామే ఒక బండిని సిద్ధపరచి, తామే నడిపిరి. దాని పేరు ఎక్లేర్, అనగా మెఱుపు. అది వేగమును బట్టి వచ్చిన పేరు కాదు. తిన్నగ పోక మెఱుపువలె వంకరటింకరగ పోవుటచే వచ్చినదని చెప్పుదురు. పందెమున గట్టి రబ్బరు చక్రముల బండితో లెవసోర్ 48 గంటల 48 నిమిషములలో తిరిగివచ్చెను. ఎక్లేర్ దారి పొడుగునను టైరులు పగులగొట్టుకొనుచు, ఇరువదికి పైగా ట్యూబులను మార్చుకొనుచు, కొట్టకొసకు పారిస్ చేరెను. చూచినవారు నవ్విరి. కాని ఆలోచించువారు ఒక విషయమును గమనింపకపోలేదు: గాలి టైరులపై మోటారుబండి పన్నెండువందల కిలోమీటర్లు పోయి తిరిగివచ్చెను. నాలుగేండ్లు గడచునప్పటికి, 1899 ఏప్రిల్‌లో, గంటకు 100 కిలోమీటర్లను మొదటిసారిగ మించిన బండి మిషెలిన్ టైరులపైననే పరుగెత్తెను.

అయినను ఆ కాలపు టైరులు మన్నికలేనివి. బండి గలవారికి పెట్రోలుకంటె టైరుల ఖర్చే గుండెలు కొట్టించుచుండెను. అప్పుడు టైరు కొలతను రెండు సంఖ్యలతో తెలుపుచుండిరి. 760×90 అనగా టైరుతో కూడిన చక్రపు అడ్డుకొలత 760 మిల్లీమీటర్లనియు, టైరు లావు 90 మిల్లీమీటర్లనియు అర్థము. తేలిక బండికి 90 లావు చాలును. బరువు హెచ్చినకొలది 105, 120 కావలెను. సన్ననిది చవుకయని కొని బరువు బండికి తొడిగినవాడు త్వరలోనే మరల అంగడికి పోవలసి వచ్చెడిది. గాలి తక్కువగ నింపినను అంతే. ఇరుసుపై పడు బరువును బట్టి ఏ లావు టైరును వాడవలెనో, ఎంత గాలి నింపవలెనో తెలుపు పట్టికలను మిషెలిన్ సంస్థ అచ్చువేసి ఇచ్చెను. 1900లో సోదరులు ఉచితముగ పంచిన ఎఱ్ఱని మార్గదర్శి పుస్తకమున మొదటి పుటలు టైరును విప్పుట, అతుకుట, బిగించుటలకే కేటాయింపబడెను. నేడు ఆ పుస్తకము భోజనశాలలకు నక్షత్రము లిచ్చునదిగ ప్రసిద్ధి కెక్కినది. పుట్టినది మాత్రము టైరు కొఱకే.

1906 జూన్ 26, 27 తేదీలలో ల మాన్ పట్టణము చెంత ఫ్రాన్సు మహాపందెము జరిగెను. మొత్తము దూరము 1,238 కిలోమీటర్లు. ఎండ మండిపోవుచుండెను, బాటకు పూసిన తారు కరగి నడుపువారి కన్నులలో చిందెను. టైరులు వరుసగ పగులుచుండెను. బండి నడుపువాడును, అతని సహాయకుడును తప్ప మరెవ్వరును బండిని తాకరాదని నియమము. పాత పద్ధతిలో చిరిగిన టైరును కత్తితో కోసి తీసి, క్రొత్తదానిని రిమ్ముపై ఎక్కించి, గాలి కొట్టుటకు పావుగంటయైన పట్టును. మిషెలిన్ వారు ఈ పందెమునకు విడదీయు రిమ్మును తెచ్చిరి. ముందే టైరు బిగించి గాలి నింపియుంచిన రిమ్మును, కొన్ని మరలు విప్పి చక్రమునకు తగిలించుటయే పని. మూడు నాలుగు నిమిషములు చాలును.

అయినను అందరును దానిని తీసికొనలేదు. ఆ రిమ్ము ఒక్కొక్కటి కొన్ని కిలోల అదనపు బరువు. పందెపు బండి వేయి కిలోలు మించరాదని శాసనము ఉండెను. తమ బండ్లు అప్పటికే ఆ హద్దును తాకుటచే కొందరు వదలుకొనిరి. రెనో సంస్థ వెనుక చక్రములకు మాత్రము అమర్చుకొనెను. ఇంజను బలమంతయు వెనుక చక్రములపైననే పడును గనుక ఆ టైరులే ముందు అరుగును. ఎంత బరువును భరింపవచ్చునో, ఆ బరువుకు బదులు ఎంత కాలము మిగులునో సరిగ లెక్కించినవారు వారే. హంగేరీలో పుట్టిన ఫెరెన్స్ సిస్ ఆ రెనో బండిని నడిపి, రెండవవానికంటె 32 నిమిషములు ముందుగ గెలిచెను. రెండవ బండియగు ఫియట్‌కును అట్టి రిమ్ములే ఉండెను.

ఈ ఆలోచన ఒక్క మిషెలిన్‌కే కలిగినదని అనుకొనరాదు. అదనపు చక్రమును తెలుగువారు స్టెప్నీ అందురు. బ్రిటనులోని వేల్సు దేశమున లనెల్లీ పట్టణపు స్టెప్నీ వీథిలో 1904లో అట్టి చక్రమును చేసి అమ్మిరి. ఆ వీథి పేరే మన లారీ డ్రైవర్ల నోట నిలిచిపోయినది.

కాలక్రమమున కర్మాగారము పెద్దదై పట్టణము నంతను ఆక్రమించెను. ఎడ్వారు పనివారికి ఇండ్లు, పాఠశాలలు, వైద్యశాలలు కట్టించెను. పుట్టుక మొదలు చావు వరకు మనుష్యుని కంపెనీ నీడలోనే ఉంచెనని కొందరు నిందించిరి. అందును కొంత నిజము లేకపోలేదు. అతడు మితభాషి, పొదుపరి, కీర్తికి దూరముగ మెలగువాడు. ప్రచారమంతయు పారిస్‌లో అన్న చూచుకొనెను. 1923లో తక్కువ గాలితో నడచు లావైన టైరును సంస్థ వెలువరించెను. బండ్లు మెత్తగ సాగెను.

తుదిదశ దుఃఖమయము. 1931లో ఆంద్రే మరణించెను. 1932లో పెద్ద కుమారుడు ఎతియెన్ విమాన ప్రమాదమున చనిపోయెను. 1937లో రెండవ కుమారుడు పియెర్ మోటారుకారు ప్రమాదమున మృతి చెందెను. టైరులు చేసి బండ్లకు వేగము నిచ్చిన తండ్రి ఆ వార్తను విని ఎట్లు భరించెనో ఊహించుటయే కష్టము. అయినను అతడు పనిని విడువలేదు. 1940 ఆగస్టు 25న, జర్మనీ సేనలు ఫ్రాన్సును ఓడించిన రెండు నెలలకు, ఎనుబదియొకటవ యేట కన్ను మూసెను.

పట్టములు లేకున్నను బుద్ధిగలవానిని అతడు గుర్తించెడివాడు. అచ్చుకూటపు పనికి చేరిన మరియుస్ మిన్యోల్ అట్లే సంస్థలో పరిశోధన శాఖకు చేరెను. అంతవరకు టైరులోని నూలుపొరలు ఏటవాలుగ ఒకదానిపై ఒకటి అడ్డముగ ఉండెడివి. మిన్యోల్ పోగులను ఒక అంచునుండి మరియొక అంచునకు తిన్నగ నిలిపి, నేలను తాకు భాగము క్రింద ఉక్కుతీగల పట్టీని చుట్టెను. ఆ టైరు తక్కువగ వేడెక్కును, మలుపులలో నేలను వదలదు, చాలకాలము మన్నును. 1946లో దానికి పేటెంటు పొందిరి. దానిని రేడియల్ టైరు అందురు. నేటి కారు టైరు ప్రక్కన 205/55 ఆర్ 16 వంటి గుర్తు ఉండును. 205 టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 55 ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తో తెలుపును. 16 రిమ్ము అడ్డుకొలత అంగుళములలో. నడుమనున్న ఆర్ అను అక్షరము రేడియల్ అనుటకు గుర్తు.